ఆంప్లిఫయర్ పక్కన మూల

ఆ శనివారం మధ్యాహ్నం కొత్తగూడలోని ఆ కిరాయి ఇంట్లో ఎవరెవరున్నారంటే: కృపానందం బాబాయి ఉన్నాడు, మిషన్ బడిలో లెక్కల మాస్టారు, బనియను మీద తువ్వాలు వేసుకుని, తన ఇంటికి తానే ముఖ్య అతిథిగా వచ్చినట్టు చేతుల కుర్చీలో కూర్చుని. గ్రేస్ పిన్ని ఉంది, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఇంకా కన్ను మూయని నర్సు. వాళ్ళబ్బాయి కిరణ్ పాల్ ఉన్నాడు, రోడ్డుకి అవతల కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడలో కంప్యూటర్ల ఉద్యోగం, సెలవు రోజైనా మెడలోంచి కంపెనీ బిళ్ళ తియ్యడు. ఇంటాయన రాజయ్య ఉన్నాడు, పని లేక వచ్చి గడపకి ఆనుకుని. మెకానిక్ వేణు ఉన్నాడు, చౌరస్తాలో రేడియోలు, టేపులు బాగుచేసేవాడు, నేల మీద బాసింపట్టు వేసుకుని. అతని ముందు పొట్ట విప్పుకుని పడున్న ఆంప్లిఫయరు ఉంది; దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే ఆ ఇంట్లో అందరికంటే గట్టిగా నోరు చేసుకున్నది అదే. ఆఖరున, వంటింటి గుమ్మంలో వెల్లుల్లిపాయలు ఒలుస్తూ కెజియా. పిన్నికి అక్క కూతురు, పదహారేళ్ళది, రేపల్లె దగ్గర పల్లెలో పది చదివి ఇంటర్ కోసం ఇక్కడికి వచ్చింది. ఆమెని ఎవరూ లెక్కలో వేసుకోరు గనక ఆఖరున.

గొడవంతా ఆంప్లిఫయరు గురించే. కిందటి ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతుండగా, బాబాయి మైకు పట్టుకుని సరిగ్గా గొంతు పెంచిన చోట, అది గుర్రుమని కాలిన వాసన వదిలింది. ఎడమ పక్క స్పీకరు మూగబోయింది, కుడి పక్కది ఈలవేసింది. బాగుచేయించాలా, కొత్తది కొనాలా అని అప్పట్నుంచీ ఇంట్లో ఇదే మాట. అన్నం దగ్గర ఇదే, బాత్రూం తలుపుకి ఇవతలా అవతలా ఇదే. వినేవాళ్ళెవరైనా ఈ ఇంట్లో ఎవరికో గుండె ఆపరేషను జరగబోతోందనుకుంటారు. కెజియాకి ఆంప్లిఫయరు ఏమైపోయినా ఒకటే, కాకపోతే దాని పక్కన ఒక మూల ఉంది. బీరువాకీ గోడకీ మధ్య, చాప పరుచుకుంటే కాళ్ళు ముడుచుకోవాల్సినంత మూల. అందులో ఆమె చాప, ట్రంకుపెట్టె, మేకుకి తగిలించిన కాలేజీ సంచి. కిరణ్ పాల్ అన్నయ్య చూసి పెట్టుకున్న కొత్త సెట్టుకి నడుమెత్తు స్పీకర్లు రెండట, వాటిలో ఒకటి నిలబడేది ఆ మూలలోనే. మరి కెజియా? "నిజాంపేట దగ్గర మన సంఘం వాళ్ళ హాస్టలుంది కదా మమ్మీ, సీట్లు ఖాళీ ఉన్నాయట" అని పొద్దున ఇడ్లీ నములుతూ అన్నాడు, పాత కుర్చీని ఎవరింటికి పంపాలో చెప్పినంత తేలిగ్గా. బాబాయి ఊఁ అన్నాడు. పిన్ని, "ఆ హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటుందిరా" అంది. అంతే. పప్పట! మనిషి ఎటు పోయినా ఫరవాలేదు, పప్పు చిక్కగా ఉండాలి ఈవిడకి. సరే, పాతది బాగుపడితే మూల మిగులుతుంది, కొత్తదొస్తే మూల పోతుంది. ఇంటర్ గణితంలో ఎన్ని లెక్కలు రాకపోయినా ఈ లెక్క మాత్రం కెజియాకి బాగా వచ్చు.

అసలు ఈ మైకెందుకు వీళ్ళకి? పదిమంది కూర్చుంటే పదకొండోవాడు గుమ్మంలో నిలబడాల్సిన హాలు. గుసగుసలాడినా చివరివాడికి వినపడుతుంది. అయినా బాబాయికి మైకు కావాలి, మైకుకి ఆంప్లిఫయరు కావాలి, ఆంప్లిఫయరుకి స్పీకర్లు రెండు కావాలి, కుడి చెవికీ ఎడమ చెవికీ వేరువేరుగా దేవుడు వినపడాలి. ముందు మైకు నెత్తిన వేలితో టకటకమని కొడతాడు, హలో హలో అంటాడు, ఎదురుగా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న కరుణ ఆంటీని చూస్తూ "వెనక ఉన్నవారికి వినబడుతోందా?" అంటాడు. వెనక ఉన్నది గోడ. గోడ అవతల రాజయ్య కొట్టం. కరుణ ఆంటీ కళ్ళు మూసుకుని "ఆమెన్" అంటుంది, చెవులు కూడా మూసుకునే వీలుంటే మూసుకునేది. బళ్ళో పిల్లలు నోరు తెరవనిస్తారో లేదో, ఆ లోటంతా ఆదివారం సాయంత్రం తీర్చుకుంటాడు మనిషి. ఇప్పుడా మైకు వైరు తన కాళ్ళ దగ్గర పాములా చుట్టుకుని పడుంటే, దాన్ని మాటిమాటికీ చూసుకుంటున్నాడు, కాలు విరిగిన ఎద్దుని రైతు చూసుకున్నట్టు.

"కొనుండ్రి సార్, కొత్తది కొనుండ్రి" అంటున్నాడు రాజయ్య. "ఇది ఈల పెడితే మా బర్రె పాలు ఎగ్గొడుతున్నది."

"మీ బర్రెకి కూడా వాక్యం వినిపిస్తున్నాం రాజయ్యగారూ" అన్నాడు బాబాయి, తన చమత్కారానికి తనే మురిసిపోతూ.

"వింటున్నది సార్. గందుకే తాడు తెంపుకుంటున్నది."

అందరూ నవ్వారు. కెజియా నవ్వలేదు. ఈ రాజయ్యకి ఆ బర్రె ఎందుకో కూడా తెలియదు. పొలమంతా అమ్మి ఈ ఇల్లు కట్టాడు, పైన ఇంకో అంతస్తు వేశాడు, మోటారు సైకిలు కొన్నాడు, అది నడపడం రాక పిల్లల్ని తోయమంటాడు. ఒక్క బర్రెని మాత్రం ఉంచుకున్నాడు. అది కొట్టంలోంచి ఆ అద్దాల మేడని చూస్తూ నెమరేస్తుంది. ఒకప్పుడు తను మేసిన చోట ఇన్ని అద్దాలేమిటా అని దానికి అనిపిస్తుందేమో, ఆయనకి మాత్రం ఏమీ అనిపించదు. ఏది చూసినా కొనుండ్రి, పాతదయితే పారేయుండ్రి. అలవాటైపోయింది ఆ మాట ఆయన నోటికి.

ఊళ్ళో ఈ ప్రశ్నే లేదు. గొడుగు విరిగితే బాగుచేయించాలా కొత్తది కొనాలా అని ఎవరూ కుర్చీలో కూర్చుని మాట్లాడుకోలేదు. గొడుగు ఊచకి అమ్మ కొబ్బరి పీచు తాడు కట్టేది, వాన వస్తే ఆ తాడున్న పక్క తను నిలబడి, మంచి పక్కన కెజియాని నిలబెట్టేది. రేడియోకి వెనక రేకు ఊడిపోతే రబ్బరు బ్యాండు. లాంతరు చిమ్నీ పగిలితే కాగితం అతికించడం. నాన్న సైకిలుకి సీటు పోతే గోనెసంచి. బళ్ళో రేకుల కప్పుకి చిల్లు పడితే సోమేశ్వరరావు మాస్టారు చిల్లు కిందున్న పిల్లల్ని పక్కకి జరిపి కూర్చోబెట్టేవారు, చిల్లు ఎక్కడికి జరిగితే వాళ్ళు అక్కడి నుంచి జరిగేవారు. బాగుచేయించడమా మార్చడమా అన్నది చేతిలో ఏదో ఉన్నవాళ్ళకి వచ్చే జబ్బు. ఇక్కడందరికీ ఉంది ఆ జబ్బు, అది పట్టినవాళ్ళంతా తాము ఆలోచిస్తున్నామనుకుంటారు. అన్నయ్య అయితే మరీను. "వెయ్యి వాట్స్, పీఎంపీవో" అంటాడు. ఏంటన్నయ్యా అదంటే అని ఎవరైనా అడిగితే బాగుండును, కెజియాకి అడిగే నోరు లేదు, బాబాయికి అడగడం నామోషీ. వెయ్యి వాట్లట, ఆ హాల్లో వెయ్యి వాట్లు మోగితే గోడ మీది ఏసుప్రభువు పటం రాజయ్య బర్రె ముందు పడుతుంది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట, ఆగకుండా తను చూస్తాడట. ఇంట్లో ట్యూబులైటు మిణుకుమిణుకుమంటే స్టూలెక్కి తిప్పడానికి కెజియాని పిలుస్తాడు.

వేణు టంకం కడ్డీని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని లోపల ఒక నల్లటి ముక్కని తడుతున్నాడు. "పవర్ ఐసీ పోయింది సార్. బోర్డు గూడ జర కాలింది. ఓల్టేజీ సార్, అంతా ఓల్టేజీ. గీ ఏరియాల గట్లనే ఉన్నది."

అందరూ తలలూపారు. ఓల్టేజీ అంటే ఎవరి తప్పూ కాదు, కరెంటాఫీసు తప్పు, అంటే ఎవరూ లేని చోటి తప్పు. ఎంత సుఖంగా ఒప్పుకున్నారో చూడు. అబద్ధం. ఈ వేణుకీ తెలుసు అబద్ధమని. ఇందాక మూత విప్పేముందు దాని మీది కవరు వీడే తీశాడు, కవరు లోపలి వైపు కరిగి అంటుకున్న చోటు వీడే వేలితో గీకి చూశాడు, చూసి మాట్లాడకుండా పక్కన పెట్టాడు. పిన్ని అల్లిన కవరు. ఈ ఇంట్లో పిన్ని కవరు లేని వస్తువు లేదు. ఫ్రిజ్జు పిడికి కవరు, ఫోనుకి కవరు, గ్యాసు బండకి గౌను. ఆంప్లిఫయరుకి మాత్రం ప్రత్యేకం, ఊదారంగు ఉన్ని, అంచుకి ముత్యాలు, లోపల ప్లాస్టిక్కు, దాని మీద గాజు సీసాలో ప్లాస్టిక్కు గులాబీలు. పైన గాలి ఆడటానికి ఉన్న కన్నాలన్నీ దాని కిందే. ప్రార్థన రోజున కూడా తియ్యదు, ఆ రోజునే అసలు తియ్యదు, పదిమంది చూసే రోజు కదా. బాబాయి దేవుణ్ణి పిలుస్తుంటే లోపల అది ఉడుకుతుంటుంది. కూటం అయ్యాక గులాబీలు తీసి చెయ్యి పెడితే కాలేది. కెజియా ఎన్నిసార్లో చూసింది. వీడు చెప్పడు. ఎందుకు చెబుతాడు? కవరు తీస్తే చాలు ఇంకో పదేళ్ళు నడుస్తుందని చెబితే వీడికి మిగిలేదేముంది? వీడి కళ్ళు ఆ ఇనప దిమ్మ మీదున్నాయి. "ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మస్తుగున్నది సార్, గిప్పుడు గిసొంటిది వస్తలేదు. మీరు కొత్తది తీస్కుంటే, దీన్ని నేనే తీస్కపోత, మీకు పరేషాన్ ఉండదు." పరేషాన్ ఉండదట. కసాయివాడు మేకని నిమిరే చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంది దాన్ని నిమిరే చెయ్యి.

ఏమైపోయినా ఒకటే అనుకుంది గానీ ఒకటి కాదు. పిన్ని పగటి డ్యూటీలో ఉన్నప్పుడు, బాబాయి బడి నుంచి రాకముందు, కాలేజీ నుంచి వచ్చిన కెజియా ఒక్కతే ఉంటుంది ఇంట్లో. అప్పుడు గులాబీలు తీసి, కవరు తీసి, మీట నొక్కి, ఎర్ర దీపం వెలిగేదాకా నిలబడి, గుండ్రటి బొత్తాన్ని ఒక్క గీత తిప్పి, మైకుని మూతికి దగ్గరగా పెట్టుకుని పాడుతుంది. ఒకసారి పాడటం అయ్యాక తన పేరు చెప్పింది. కెజియా. ఎడమ పక్క నుంచీ కుడి పక్క నుంచీ ఎవరో నిదానంగా, ఏ మాత్రం వణకకుండా, కెజియా అన్నారు. ఎవరిదీ గొంతు అనుకుంది. కాలేజీలో హాజరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అన్న మాట పక్క బెంచీ దాకా పోదు, లెక్చరరు రెండుసార్లు తల ఎత్తి చూస్తాడు, ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటారు. ఈ ఇంటికి వచ్చేవాళ్ళందరూ ఒకటే మాట, పాపం మంచిపిల్ల, నోట్లో నాలుక లేదు. నాలుక ఉంది. అది ఎవరి గురించి ఏమంటోందో వినిపిస్తే ఒక్కళ్ళూ ఈ హాల్లో కూర్చోరు. నిజాంపేట హాస్టల్లో పొడుగాటి గది, ఈ పక్క వరస మంచాలు, ఆ పక్క వరస మంచాలు, పడుకున్నా లేచినా దువ్వుకున్నా ఏడ్చినా చూసే కళ్ళు. అక్కడ బీరువా పక్క ఉండదు. పాటా ఉండదు. ఊరికి తిరిగిపోవడమైనా నయమేమో గానీ అక్కడ బతకడం తనవల్ల కాదు, ఊరికి పోతే ఇక చదువు లేదు.

"అక్కడ పిల్ల పడుకుంటోంది కదరా, నీ స్పీకరు ఎక్కడ నిలబెడతావు?" అంది పిన్ని, ఆవులింత ఆపుకుంటూ. "ముందు ఈ మెకానిక్కుని అడుగు, దీన్ని చేస్తే ఎన్నాళ్ళొస్తుందో."

"చేస్తే చెయ్యొచ్చమ్మా. గ్యారంటీ మాత్రం అడగొద్దు" అన్నాడు వేణు.

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది, టంకం కడ్డీ చల్లబడటం మొదలుపెట్టింది. కిటికీలోంచి చూస్తే అద్దాల మేడలో మాత్రం ఏమీ పోలేదు, దాని జనరేటరు కడుపు నిండిన మనిషిలా గుర్రు పెడుతోంది. రాజయ్య తువ్వాలుతో విసురుకుంటూ అన్నాడు, "మా పొలంల కరెంటు ఉన్నది, మా ఇంట్ల లేదు." బాబాయి కుర్చీలోంచి లేచాడు. కెజియాకి అర్థమైపోయింది. వాగ్దానాల డబ్బా. కొత్త సంవత్సరం రాత్రి గుళ్ళో ఒక్కొక్కరికీ ఒక్కో వాక్యం చీటీ పంచుతారు గదా, బాబాయి అలాంటి చీటీలతో ఒక డబ్బా ఏడాది పొడుగునా ఇంట్లో పెట్టుకున్నాడు. ఏది తేలకపోయినా అందులో చెయ్యి పెడతాడు. కిరాయి పెంచితే ఒప్పుకోవాలా, అన్నయ్య బైకు ఎర్రదా నల్లదా, పిన్ని చెల్లెలి పెళ్ళికి పోవాలా మానాలా. దేవుడికి వేరే పని లేనట్టు. "ఆయనే చెబుతాడు" అని కళ్ళు మూసుకుని, పెదవులు కదిలించి, వేళ్ళతో చీటీలన్నీ తడిమి, అడుగునుంచి ఒకటి తీశాడు. రాజయ్య కూడా వినయంగా చెప్పులు విడిచాడు. వచ్చింది ఓర్పు గురించిన మాట.

"చూశారా" అన్నాడు బాబాయి, "ఓర్పు. పాతదాంతో ఓర్చుకొమ్మని."

"కాదు డాడీ. ఇన్నాళ్ళు ఓర్చుకున్నారు, ఇక చాలు అని" అన్నాడు అన్నయ్య.

"మా బర్రెకు చెప్పిండేమో సార్" అన్నాడు రాజయ్య.

కరెంటు వచ్చింది. వచ్చినా ఎవరికీ ఏమీ తేలలేదు. కెజియా గోరు కింద వెల్లుల్లి మంట పెడుతోంది. అప్పుడు అన్నయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగి, ఆఫీసులో మీటింగుల్లో ఇలాగే వంగుతాడు కాబోలు, ఆఖరి మాట అన్నాడు. "సరే డాడీ, బాగుచేయిద్దాం. ఓల్టేజీ మారదు కదా? వచ్చే నెల మళ్ళీ కాలుతుంది. మళ్ళీ చేయిస్తారు. మళ్ళీ కాలుతుంది. అప్పుడు ఎలాగూ కొంటారు. అదేదో ఇప్పుడే కొంటే?" బాబాయి గడ్డం గోక్కున్నాడు. లెక్కల మాస్టారికి లెక్క నచ్చింది. నచ్చినప్పుడు ఇలాగే గోక్కుంటాడు. పిన్ని కూడా అలిసి తల గోడకి ఆనించింది. వేణు అప్పుడే మరలు ఏరి డబ్బా మూతలో వేస్తున్నాడు, తీసుకుపోవడానికి వీలుగా.

ఇప్పుడు చెప్పాలి. ఒక్క మాట చాలు. కవరు తీసి వాడుకుంటే మళ్ళీ కాలదేమో పిన్నీ. ఇంతే. మెల్లగా, పాపం మంచిపిల్ల అన్నట్టే, తల వంచుకుని. ఎంత చిన్న మాట. కవరు తీసి. కవరు తీసి వాడుకుంటే. లేచి నిలబడింది, ఒళ్ళో పొట్టు జారి నేల మీద పడింది. ఎవరూ తల తిప్పలేదు. అదే, తల తిప్పకపోవడమే. ఓల్టేజీకి తలలూపిన తలలు. చీటీకి చెప్పులు విడిచిన కాళ్ళు. ఇంతమంది తెలివైనవాళ్ళు, ఒక్కడికి కళ్ళుండవు. ఆ ఊదారంగు ఉన్ని అక్కడే పడుంది అందరి ఎదురుగా, కరిగిన మచ్చ పైకి పెట్టుకుని. దాన్ని చూస్తుంటే మెల్లగా అనుకున్న మాట ఎక్కడికో పోయింది. దాని వెనక ఇన్ని నెలలుగా వరసలో నిలబడ్డ మాటలన్నీ తోసుకుంటూ వచ్చాయి.

"కాలక ఏం చేస్తుంది? పిన్ని బతకనిస్తేగా!" అంది కెజియా. గొంతు మైకు లేకుండానే గోడ దాకా పోయింది. "అది లోపల ఉడికి చస్తుంటే పైన ఉన్ని కప్పింది, పువ్వులు పెట్టింది. జ్వరంతో కాలిపోతున్న పిల్లకి కంబళి కప్పి చంపే నర్సుని నేనెక్కడా చూడలేదు."

అన్ని తలలూ ఒక్కసారిగా వంటింటి గుమ్మం వైపు తిరిగాయి.

"అబ్బో" అన్నాడు రాజయ్య, "పిల్లకు నోరున్నది!"

వేణు పక్కున నవ్వాడు. దొరికిపోయాక ఇంకేం చేస్తాడు, నవ్వాడు. "కరెక్టు చెప్పింది సార్. నేనే చెప్దామనుకున్న. కవరు తీసేస్తె ఫికర్ లేదు, మస్తు నడుస్తది." మూతలో వేసిన మరలు మళ్ళీ నేల మీదికి ఒంచాడు. బాబాయి మొహం వెలిగిపోయింది. చీటీ ఎత్తి చూపించి, ఓర్పు అంటే ఇదే, కారణం తెలిసేదాకా ఆగమని, చూశారా ఆయన ఎలా నడిపించాడో అన్నాడు. నడిపించింది ఎవరో మాత్రం ఆయనకి తట్టలేదు. "మమ్మీ, నీ కవరే దొంగ!" అని అన్నయ్య కూడా నవ్వాడు, ఓడిపోయినందుకు కాస్త కోపంగా, తల్లి ఓడిపోయినందుకు కాస్త సంతోషంగా. పాతదే. బాగుచేసేదే. తేలిపోయింది. కెజియాకి మూల మిగిలింది, చాప, పెట్టె, మేకు, అన్నీ. ఒక్క మాటతో. ఇంత తేలికా మాట్లాడటమంటే? ఇన్నాళ్ళూ ఎందుకు భయపడింది ఈ మనుషులకి? వీళ్ళని చూస్తే నవ్వొస్తోంది.

అప్పుడు పిన్ని వంక చూసింది. పిన్ని నవ్వడం లేదు. తిట్టడం కూడా లేదు. పిన్ని తిడుతుంది, చిన్నదానికీ పెద్దదానికీ తిడుతుంది, తిట్టి అన్నం పెడుతుంది. మాట్లాడకుండా ఉండటం కెజియా ఎప్పుడూ చూడలేదు. గోడ నుంచి తల ఎత్తి, వంగి, నేల మీది కవరుని తీసుకుంది. కరిగిన చోట వేలు పెట్టి చూసింది. ముత్యాలు లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టింది. అందరి నవ్వులూ దాటుకుని పడకగదిలోకి నడిచింది. కెజియా వెనకే వెళ్ళింది, పొట్టు తొక్కుకుంటూ. పొద్దున హాస్టలు అన్నప్పుడు వద్దనడానికి ఈమెకి దొరికింది పప్పు ఒక్కటే అని, అక్కడ పిల్ల పడుకుంటోంది కదరా అని ఇందాక అన్నది ఈ గొంతేనని, ఎవరూ చెప్పకుండానే తెలిసింది, గుమ్మం చేరేలోపే తెలిసింది.

"పిన్నీ" అంది. మళ్ళీ పక్క బెంచీ దాకా పోని గొంతు. "పిన్నీ, నేను..."

పిన్ని తలుపు రెక్క మీద చెయ్యి పెట్టి ఆగింది. ఎర్రబడ్డ కళ్ళు. వార్డులో రోగుల చుట్టాలతో మాట్లాడేటప్పుడు ఇలాగే మాట్లాడుతుంది కాబోలు, కోపం లేదు, చనువూ లేదు.

"సోమవారం నాకు సెలవుంది. నిజాంపేట వెళ్దాం. పెట్టె సర్దుకో" అంది.

తలుపు మూసింది, రోగి నిద్రపోతున్న గది తలుపు మూసినట్టు, గడియ చప్పుడు కూడా వినపడకుండా.